బేబి పేరు రాయని రిజిస్టరు

పనసపుట్టును తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది పొగ. వానాకాలం పొద్దున్నే ఇళ్ళ కప్పుల మీంచి పైకి లేవలేక, మంచులో కలిసిపోయి వీధంతా పాకే పొగ. అందులోంచి సోములమ్మ పెంకులో నిప్పులు పెట్టుకుని నా గది గుమ్మం దగ్గరికి వచ్చేది.

"నర్సమ్మా, లేసినావేటి? పొయ్యి రాజేసుకో బేగి. యేడినీళ్ళు తాగితేగానీ నీకు మాట రాదు" అనేది.

నిజమే. నేను పల్లపు మనిషిని. చోడవరం పక్క ఊళ్ళో చెరుకు పండించే ఇంట్లో పుట్టాను. ఏ.ఎన్.ఎం. ట్రైనింగ్ అయ్యాక 1991లో అరకు అవతల కొండ మీది పనసపుట్టు సబ్ సెంటర్‌లో పోస్టింగ్ వచ్చింది. సెంటర్ అంటే రేకుల కప్పు గది ఒకటి. దాని వెనక గోడను ఆనుకుని సోములమ్మ ఇల్లు. ఆమె, కొడుకు గాసి, కోడలు సన్నెమ్మ ఉండేవారు. ఊళ్ళో వాళ్ళంతా నన్ను అనురాధ అని ఒక్కనాడూ పిలవలేదు. పదిహేనేళ్ళు నర్సమ్మగానే ఉన్నాను.

మరుసటి ఏడు ఆగస్టులో సన్నెమ్మకు తొలి కాన్పు వచ్చింది. పక్కన పెద్ద నర్సు లేకుండా నేను ఒంటరిగా చేసిన మొదటి కాన్పు కూడా అదే. మూడు రోజులుగా ముసురు. దిగువన రోడ్డు మీద కొండ చరియ పడి జీపులు ఆగిపోయాయి. పొద్దున్న ఎనిమిదింటికి ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. సంచిలో వేసి తూకం చూస్తే రెండు కేజీల మీద కాస్త మొగ్గింది. చేతులు కడుక్కుని, గర్వంగా రిజిస్టరు తీసి, ఆడ శిశువు అని రాసుకున్నాను. అప్పుడు సన్నెమ్మ మళ్ళీ మూలిగింది. పొట్ట మీద చెయ్యి వేసి చూద్దును కదా, లోపల ఇంకొకరు ఉన్నారు.

ముప్పావుగంట తరువాత రెండోది వచ్చింది. ఇదీ ఆడపిల్లే. నేరేడు పండు రంగులో ఉంది. ఏడవలేదు. కేజీ మీద రెండొందల గ్రాములు. నోట్లో జిగురు తీసి, వీపు రుద్దుతూ, ఏం చేస్తున్నానో తెలియక "బేబీ, బేబీ, బేబీ" అంటూ కూర్చున్నాను. ట్రైనింగ్‌లో పెద్దాసుపత్రి నర్సులు అలాగే అనేవారు. చివరికి పిల్లి కూనలా ఒక్క కూత పెట్టింది.

రిజిస్టరు మళ్ళీ తీశాను. పెన్ను మూత తీశాను. ఆ పిల్ల వంక చూస్తే సాయంత్రం దాకా ఉంటుందని నాకు నమ్మకం కలగలేదు. ఇవాళ పుట్టుకల పేజీలో రాస్తే రేపు చావుల పేజీలో రాయాలి. ఆ రెండు రాతలూ నా చేతి మీద ఒకదాని వెంట ఒకటి పడడం ఊహించుకోలేకపోయాను. రేపు చూద్దాం అనుకుని పెన్ను మూత పెట్టేశాను.

సోములమ్మ ఆ పిల్లను నా ఒళ్ళోంచి తీసుకుంది. జాకెట్టు లేని ఒంటి మీద, రొమ్ముల మధ్య పడుకోబెట్టుకుని, పాత చీరతో తన ఒంటికి చుట్టేసుకుంది.

"ఏం చేస్తున్నావు మామ్మా?" అని అడిగాను.

"కోడి గుడ్డుని పొదగదేటి? నానూ పొదుగుతాను."

నలభై రోజులు పొదిగింది. అలాగే వంట చేసింది, అలాగే తిరగలి మీద చోళ్ళు విసిరింది, కూర్చునే కునుకు తీసింది. సన్నెమ్మ పాలు పిండి ఇస్తే దూది వత్తితో చుక్కచుక్కగా పట్టించింది. నేను మాత్రం అది చివరిదాకా చూడలేదు. ఇరవై రోజులకే నన్ను ఇంకో ట్రైనింగ్‌కు విశాఖపట్నం పంపారు. ఈలోగా ఆ రిజిస్టరు నిండిపోయి పి.హెచ్.సి.కి చేరింది. నేను తిరిగి కొండెక్కేసరికి వలిసె పూలు విరగబూసి, కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టుంది. సోములమ్మ చంకలో ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది.

మొదటిదానికి సోని అని పేరు పెట్టారు. రెండోదాన్ని నేను ఆ రోజు ఏమని పిలిచానో అదే పేరైపోయింది. బేబి.

పేరైతే నేను పెట్టాను గానీ, ఎక్కడా రాయలేదు. ఈ నెల రాద్దాం, వచ్చే మీటింగ్‌లో చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను.

పిల్లలిద్దరూ ఒక్క అచ్చులో పోసినట్టు పెరిగారు. కన్నతల్లి కూడా తడబడేది. పోలియో చుక్కలకీ, సూదులకీ తెచ్చినప్పుడు ఎవరికి వేశానో నాకే తెలిసేది కాదు. ఏడాది పిల్లలప్పుడు ఒకసారి, గుమ్మంలో ఎండకు తల తిప్పి కళ్ళు చూస్తుంటే ఒక గుర్తు దొరికింది. సోని ఎడమ కంట్లో, నల్లపాప చుట్టూ ఉండే గోధుమ రంగు వలయంలో, కింది వైపు ఆవగింజలో సగమంత నల్ల చుక్క ఉంది. బేబి కంట్లో లేదు. ఆ సంగతి సన్నెమ్మకు చెబితే, "ఏదీ, నాకేటీ అగుపడదే" అని నవ్వేసింది. వెలుగు సరిగ్గా పడితేనే కనిపించేది మరి. నేను మాత్రం అప్పట్నుంచీ అనుమానం వచ్చినప్పుడల్లా ఆ చుక్క కోసమే చూసేదాన్ని.

నా ఉద్యోగంలో సగం కళ్ళు చూడడమే. కింది రెప్ప లాగి లోపల ఎర్రగా ఉందో పాలిపోయిందో చూస్తే ఒంట్లో రక్తం ఎంతుందో తెలిసిపోతుంది. తెల్లగుడ్డు పచ్చబడితే కామెర్లు. అంచున నురగలాంటి మచ్చ కనిపిస్తే ఆ పిల్లకు చీకటి పడ్డాక చూపు ఆనడం లేదని అర్థం, విటమిన్ ఎ మందు పోయాలి. నాడి చూడడానికి చెయ్యి ఇవ్వమంటే సిగ్గుపడే మనుషులు కూడా కళ్ళు మాత్రం చూపించేవారు. ఒక్కోసారి సంతలో నడుస్తుంటే ఎదురొచ్చి, తామే రెప్ప లాగి, "సూడు నర్సమ్మా, తగ్గినాదా?" అని అడిగేవారు.

1998లో దిగువన ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న బాలికల ఆశ్రమ పాఠశాలలో సోనిని వేశారని గాసి చెప్పాడు. బేబి మేకలు కాస్తూ ఇంటి దగ్గర ఉంటుందన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆ ఏడు సీట్లు తక్కువ, పుట్టిన కాగితం ఉన్న పిల్లల్నే తీసుకుంటున్నారని తెలుసు. ఒక కాగితం ఎందుకు లేదో కూడా నాకు తెలుసు.

నెలకోసారి నేను ఆ బడికి వెళ్ళి పిల్లల్ని చూసి రావాలి. మరుసటి ఏడు నా నోటు పుస్తకంలో ఒక వింత కనిపించింది. సోని, రెండో తరగతి: జూన్‌లో పాలిపోయింది. జులైలో ఎర్రగా, బాగుంది. ఆగస్టులో మళ్ళీ తెల్లగా సున్నం కొట్టినట్టు. సెప్టెంబర్‌లో బాగుంది. ఐరన్ బిళ్ళలు అలా పని చెయ్యవు. అక్టోబర్‌లో వెళ్ళినప్పుడు ఆ పిల్లను వరండా చివరకు తీసుకెళ్ళి, రెప్ప లాగి చూశాను. పాలిపోయి ఉంది. టార్చి వేసి ఎడమ కంట్లోకి చూశాను. చుక్క లేదు.

"నువ్వు సోనివి కాదే" అన్నాను.

"సోనినే" అంది ఏడేళ్ళ పిల్ల, నా కళ్ళలోకే చూస్తూ.

"బేబివి."

చేత్తో ఎడమ కన్ను మూసేసుకుంది, ఇంక చూడనివ్వనన్నట్టు. "సెప్పకు నర్సమ్మా. సెప్పీసినావంటే ఇద్దరినీ తోలేస్తారు. ఈ వారం నాది. వొచ్చీ వారం అప్పది."

ముప్పావుగంట ముందు పుట్టినదాన్ని అది అప్ప అని పిలిచేది.

అలా తెలిసింది నాకు. ఒక సీటు, ఒక పేరు, ఒక యూనిఫాం, ఇద్దరు పిల్లలు. వారం వారం మార్చుకుంటున్నారు. శనివారం మధ్యాహ్నం బడినుంచి వచ్చే పిల్ల కోసం ఇంటి దగ్గరున్న పిల్ల మేకలు తోలుకుని సగం దారిలో పారే గెడ్డ దాకా దిగేది. ఒకసారి నేను కూడా ఆ దారినే పైకి ఎక్కుతూ వాళ్ళ వెనకాలే నడిచాను. సోని చెబుతోంది, బేబి వింటోంది. ఒక్క పాఠాలే కాదు.

"ఏడో ఎక్కం అయిపోనాది. టీచరు నన్ను రెండో బెంచీలోకి మార్సింది, నువ్వు మూడోదాంట్లో కూకోకు. రత్నాలుతో మాటాడొద్దు, నాతో దెబ్బలాడింది."

"రత్నాలు నాకు జట్టే" అంది బేబి.

"నీకు జట్టయినా నాకు కాదు. ఈ వారం మాటాడకు. పైవారం నేనెళ్ళి సరి సేసుకుంటాను."

"తెలుగులో ఏటయింది?"

సోని పద్యం చదివింది. బేబి తిరిగి అప్పజెప్పింది. తప్పు పోతే సోని చెట్టు కొమ్మ విరిచి కాలి మీద మెల్లగా వేసింది, అచ్చం టీచరులాగే. ఎండ వాలిపోయి, వలిసె చేల మీద పచ్చటి వెలుగు పరుచుకుని ఉంది. వాళ్ళ ముందు మేకలు, వెనక నేను. నా జీవితంలో ఎన్నో దారులు నడిచాను గానీ, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ దారే నడుస్తాను.

నేను ఎవరికీ చెప్పలేదు. బేబికి ఇంటి దగ్గర కూడా వేసుకోవడానికి ఐరన్ బిళ్ళలు ఇచ్చాను. దాని రెప్పలు ఆరు నెలల్లో ఎరుపెక్కాయి. అంతవరకే నాకు చేతనయింది. పాత రిజిస్టరు చూసి ఏదైనా చేద్దామని రెండుసార్లు పి.హెచ్.సి. దాకా వెళ్ళాను. "ఏం కావాలమ్మా?" అని గుమస్తా అడిగితే రెండుసార్లూ "ఏమీ లేదండి" అని వచ్చేశాను. ఇన్నేళ్ళు ఎందుకు రాయలేదంటే ఏం చెప్పాలి? ఉద్యోగం పోతుందేమో. ఇంకో పక్క సన్నెమ్మ కూడా చేతులు పట్టుకుంది, "ఉన్న సీటు ఊడిపోద్ది నర్సమ్మా, వొద్దు" అని. ఆ మాట నాకు సాకుగా దొరికింది. అలా ఆరేళ్ళు గడిచిపోయాయి. పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చారు. తరగతిలో రెండో ర్యాంకు కాగితం మీద సోనిది, నిజానికి ఇద్దరిదీ.

2005 నవంబర్‌లో కంటి కెమెరా వచ్చింది.

రేషన్ కార్డులకు కళ్ళ ఫోటోలు తీస్తారని అంతకు ముందు నెల రోజులుగా చాటింపు. ఒకరి పేరు మీద ఇంకొకరు తీసుకోకుండా, ఒకరికి రెండు కార్డులు లేకుండా చూడడానికట. వేలిముద్ర అరిగిపోతుంది, ముఖం మారిపోతుంది, కంటిలోని ఆ వలయం మాత్రం చచ్చేదాకా మారదట, ఏ ఇద్దరికీ ఒకేలా ఉండదట. ఊళ్ళో మాత్రం ఇంకోలా చెప్పుకున్నారు. ఆ పెట్టె చూపు లాగేస్తుందని, కడుపుతో ఉన్నవాళ్ళు దాని ముందు నిలబడకూడదని. వాళ్ళకు నచ్చజెప్పడానికి నన్ను కూడా అక్కడ కూర్చోమన్నారు.

జీపులో జనరేటర్, కంప్యూటర్, నల్ల పెట్టెలాంటి కెమెరా దిగాయి. వాటితో రవికుమార్ అని అనకాపల్లి నుంచి వచ్చిన ఆపరేటర్, పాతికేళ్ళుంటాయి. అంగన్‌వాడీ గదిలో కిటికీకి దుప్పటి కట్టి, కుర్చీ వేసి, ఒక్కొక్కరిని పిలిచాడు. హాస్టళ్ళలో ఉండే పిల్లల కళ్ళు రెండు వారాల కిందటే ఆ బడుల్లోనే తీసేశారని చెప్పాడు. మండలంలో అప్పటిదాకా తీసిన కళ్ళన్నీ ఆ కంప్యూటర్లో ఉన్నాయట.

గాసి ఇంటి వంతు వచ్చింది. ముందు సోములమ్మ కూర్చుంది. కెమెరా లోపలినుంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో అంది. సోములమ్మ ఉలిక్కిపడింది.

"ఎవులే అది లోపల?"

"మిషను మామ్మా. కొంచెం ముందుకు జరగమంటోంది" అన్నాడు రవికుమార్.

"జరగమంటే నువ్వు జరుగు తల్లీ. నాకు నడుం నొప్పి" అంది సోములమ్మ ఆ పెట్టెతో. గదిలో వాళ్ళంతా నవ్వారు. భయం కాస్త తగ్గింది.

కుడి కన్ను వచ్చింది. ఎడమ కన్ను మూడుసార్లు తీసినా రాలేదు. నేను వేళ్ళతో రెప్ప ఎత్తి పట్టుకున్నాను, అయినా రాలేదు.

"మధ్యలో తెల్లగా ఉంది మేడమ్. మిషన్ తీసుకోవడం లేదు" అన్నాడు రవికుమార్.

అది శుక్లం. రెండేళ్ళుగా ఆపరేషన్ చేయించుకోమని ఆమె వెంట పడుతున్నాను. కన్ను కోయించుకోనని మొండికేసింది. కుడి కంట్లో కూడా మసక మొదలైంది.

"ఏటంటన్నాడు?"

"నీ ఎడమ కన్ను వద్దంటోంది మామ్మా పెట్టె. శుక్లం తీయించుకుంటే తీసుకుంటుందట" అన్నాను.

సోములమ్మకు తల కొట్టేసినట్టయింది. "నా కన్ను వొద్దన్నాదా! అదెవుతి వొద్దనడానికి? ఎప్పుడే నీ ఆపరేషన్? రేపా?"

నేనింకా నవ్వుతూనే ఉన్నాను. సన్నెమ్మ కూతుర్ని ముందుకు తోసింది. కార్డులో పేరున్నవాళ్ళంతా రావాలని చాటింపు వేశారు కాబట్టి, ఆ వారం ఇంటి దగ్గరున్న పిల్లను తీసుకొచ్చింది. ఆ పిల్ల సోనియే. నా నవ్వు ఆగిపోయింది.

రవికుమార్ కార్డు నంబరు కొట్టాడు. "సోని. ఈ పేరుకి స్కూల్లోనే తీసేశాం కదా. ఇంకెందుకు వచ్చావమ్మా?"

సన్నెమ్మ గాసి వంక చూసింది. అతను నేల చూశాడు.

"సరే, కూర్చో. సరిచూస్తాను" అని రవికుమార్ కెమెరా తిప్పాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. ముఖం మారింది. "కలవడం లేదు. ఈ అమ్మాయి సోని కాదు."

"నేనే సోనిని" అంది సోని.

"సోని కళ్ళు నా దగ్గర ఉన్నాయమ్మా. నీవి అవి కావు. ఎవరి పిల్లవి నువ్వు? మనిషిని మార్చి తెస్తే ఊరుకోరు, కార్డే తీసేస్తారు. పై ఊళ్ళో కూడా ఇలాగే పక్కింటి పిల్లను తెచ్చారు."

పదమూడేళ్ళ పిల్ల. కుర్చీ అంచు రెండు చేతులతో పట్టుకుంది. "నేనే సోనిని. పుట్టినకాడినుంచి నేనే. బళ్ళో రాసింది నా పేరే." తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నా పేరు దానికి ఎల్లిపోనాదా? మరి నేనెవుల్ని?"

సన్నెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గది బయట నిలబడ్డవాళ్ళు లోపలికి తొంగి చూస్తున్నారు. ఊరందరికీ తెలిసిన సంగతే, ఒక్కరూ నోరు విప్పలేదు. పిల్లల సీటు పోతుందని వాళ్ళ భయం. నా భయం మాత్రం నా గురించే. ఆ క్షణంలో నాకది స్పష్టంగా తెలిసింది. సిగ్గేసింది.

"ఆ పిల్లే సోని బాబూ" అన్నాను లేచి. "మీరు బడిలో తీసినవి దీని చెల్లెలి కళ్ళు. బేబి. కవలలు. ఇద్దరూ నా చేతుల్లోనే పుట్టారు. రెండోదాని పుట్టుక నేను రాయలేదు. తప్పు వీళ్ళది కాదు, నాది."

రవికుమార్ రెండు కళ్ళనూ తెర మీద పక్కపక్కన పెట్టాడు. తర్వాత కంప్యూటర్ని నా వైపు తిప్పాడు. బడిలో తీసిన కన్ను ఒక పక్క, ఇప్పుడు తీసిన కన్ను ఒక పక్క. పళ్ళెమంత పెద్దవిగా, నలుపూ తెలుపుల్లో. నేను పన్నెండేళ్ళుగా టార్చి వేసి వెతికే చుక్క అక్కడ బండరాయిలా కనిపించింది. అదొక్కటే కాదు, వలయంలోని గీతలు, ముడతలు, గుంటలు, ఏ ఒక్కటీ రెండోదానితో పోలలేదు. బయటికి ఒక్కలా కనిపించే పిల్లలు లోపల రెండు వేరు వేరు కొండల్లా ఉన్నారు. సోని కూడా లేచి వచ్చి చూసింది. కన్నీళ్ళు తుడుచుకుని, "ఇది బేబిదా?" అని తెర మీద వేలు పెట్టింది. "ఎంత బాగున్నాదో."

"నేను నమ్ముతాను మేడమ్" అన్నాడు రవికుమార్. "కానీ నేను పేరు చేర్చలేను. మండల ఆఫీసు నుంచి కాగితం తేవాలి. ఆదివారం దాకా ఈ మండలంలోనే ఉంటాను."

"పాలిపోయిందో లేదో కూడా ఇందులో తెలుస్తుందా బాబూ?" అని అడిగాను, ఆ కన్ను వంక చూస్తూనే.

"ఎవరో మాత్రమే చెబుతుంది మేడమ్. ఒంట్లో ఎలా ఉందో మీరే చూసుకోవాలి" అని మొదటిసారి నవ్వాడు.

మర్నాడు నేనూ గాసీ మండల ఆఫీసుకు దిగాం. అక్కడి బెంచీ మీద కూర్చుని రెండు పేజీలు రాశాను. ఆ రోజు వాన, నేరేడు రంగు పిల్ల, మూత పెట్టిన పెన్ను, అన్నీ. ఆఫీసరు గారు మొత్తం చదివి కళ్ళజోడు తీశారు.

"పదమూడేళ్ళు ఎందుకు రాయలేదమ్మా?"

"మొదట బతకదనుకుని అండి. తర్వాత బతికిందని భయపడి."

ఆయన తిట్టలేదు. తిడితే నాకు తేలిగ్గా ఉండేది. విచారణకు మనిషిని పంపుతాను అన్నారు. ఆ మనిషి రెండో రోజే కొండెక్కాడు. ఊరి పెద్ద బుధు సంతకం పెట్టాడు. సోములమ్మ వేలిముద్ర వేస్తూ, "రాసుకో బాబూ, నలభై రోజులు ఈ ఒంటి మీదే పొదిగినాను" అని గుండె చూపించింది. అతను ఆ మాట కూడా రాసుకున్నాడో లేదో తెలియదు.

ఆశ్రమ పాఠశాలకు నేను ఒక్కదాన్నే వెళ్ళాను. హెడ్‌మిస్ట్రెస్ గారు అంతా విని, బీరువా తెరిచి రెండు పాత పరీక్ష కాగితాలు నా ముందు పెట్టారు.

"నాకు నాలుగో తరగతి నుంచి అనుమానమే అనురాధా. ఒక వారం లెక్కలన్నీ చకచకా చేస్తుంది. మరో వారం లెక్కలంటే బుర్ర గోక్కుంటుంది, పద్యం చదివితే మాత్రం గది మారుమోగుతుంది. ఒక పిల్లలో ఇద్దరు పిల్లలున్నారని ఎవరికి చెప్పను? పిల్ల ఎలాగూ చదువుతోంది కదా అని ఊరుకున్నాను."

ఆ కొండ మీద నోరు మూసుకున్నవాళ్ళలో నేను ఒక్కదాన్నే కానని అప్పుడు తెలిసింది. మండల ఆఫీసు కాగితం రాగానే ఆమె రెండో సీటు ఇచ్చారు. ఆదివారం నాడు రవికుమార్ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, సోని పేరులోంచి బేబి కళ్ళు తీసేసి, ఎవరి కళ్ళు వాళ్ళ పేరు మీద ఎక్కించాడు. బేబి అనే పేరు సర్కారు కాగితంలో పడడం అదే మొదటిసారి. గాసి ఆ చీటీని చదవలేకపోయినా పది నిమిషాలు చేత్తో పట్టుకునే ఉన్నాడు.

సోములమ్మను నేనే అరకు తీసుకెళ్ళి కంటి క్యాంపులో ఆపరేషన్ చేయించాను. కట్టు విప్పిన రోజు మనవరాళ్ళిద్దరూ బడినుంచి వచ్చి ఆమె ముందు నిలబడ్డారు. మసక కళ్ళతో ఉన్నన్నాళ్ళూ ఆమె ఎప్పుడూ వాళ్ళను తికమక పడలేదు. అడుగు చప్పుడు వింటే చాలు, ఎవరో చెప్పేసేది. ఆ రోజు ఒకదాన్ని చూసింది, రెండోదాన్ని చూసింది, మళ్ళీ మొదటిదాన్ని చూసింది.

"ఓలమ్మ ఓలమ్మ! మీరిద్దరూ ఇంత ఒక్కలాగున్నారేటే? ఇందులో బేబి ఏది?"

నవ్వీ నవ్వీ సన్నెమ్మ గుమ్మంలో కూలబడిపోయింది.

నాకు మెమో వచ్చింది. మరుసటి ఏడు మే నెలలో చింతపల్లికి బదిలీ చేశారు. శిక్షో మామూలు బదిలీయో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బయలుదేరిన రోజు పొద్దున్న సోములమ్మ సంచి నిండా పిప్పళ్ళు, ఎండబెట్టిన అడ్డాకుల కట్ట తెచ్చి జీపులో పెట్టింది. ఏడవలేదు. "పల్లపు మనిషివి వొచ్చినావు, కొండ మనిషివై ఎల్తన్నావు. పో" అంది. ఘాట్ రోడ్డు మొదటి మలుపు దాకా నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను.

చింతపల్లిలో మిరియాల పాదులున్నాయి, కాఫీ తోటలున్నాయి, పనసపుట్టు కంటే ఎక్కువ చలి ఉంది. మనుషులు కూడా మంచివాళ్ళే. అయినా అక్కడున్న నాలుగేళ్ళూ నేను పరాయి ఊళ్ళో ఉన్నట్టే ఉన్నాను.

2009 డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం సెంటర్ ముందు జీపు ఆగి, శాలువా కప్పుకున్న అమ్మాయి దిగింది. నేను కంట్లోకి చూసే అవసరం లేకుండానే, "నేను బేబిని నర్సమ్మా" అంది. సోములమ్మ ఆ వానాకాలంలో పోయిందని చెప్పింది. పొయ్యి దగ్గర కూర్చున్నట్టే కూర్చుని వెళ్ళిపోయిందట. నేను లేచి కాఫీ పెట్టాను.

సోని విజయనగరంలో లెక్కల గ్రూపుతో ఇంటర్ చదువుతోందట. బేబికి పాడేరు కాలేజీలో సీటు వచ్చింది. సెలవులకు ఇంటికెళుతూ దారి మార్చుకుని నన్ను చూడ్డానికి వచ్చింది.

"ఇద్దరికీ సీట్లు వచ్చాక హాయిగా ఉండి ఉంటుందే బడిలో" అన్నాను.

అది గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పింది.

"హాయిగానే ఉండేది. కానీ మొదటి వారం శనివారం ఇంటికెళ్తంటే నర్సమ్మా, దారంతా మాకు మాటలే లేవు. అది సూసిందే నేనూ సూసినాను, అది విన్నదే నేనూ విన్నాను. సెప్పుకోడానికి ఏటీ లేదు. గెడ్డ దగ్గర కూకుని ఇద్దరం ఏడ్సినాం." నవ్వింది. "అందుకే కాబోలు ఇప్పుడు అది విజయనగరంలో, నేను పాడేరులో చేరినాం. సెలవులకెళ్తే నాలుగు రోజులు నోరు మూయం."

"ఆ దారి అలాగే ఉందా?"

"రోడ్డు ఏసేసినారు. ఆటోలు తిరుగుతున్నాయి. గెడ్డ మీద కల్వర్టు కట్టినారు. పాత దారిలో తుప్పలు లేచిపోనాయి. నువ్వొస్తానంటే సెప్పు, కొట్టించి ఉంచుతాను."

సాయంత్రం జీపు వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాం. మంచు దిగుతోంది. అది ఎక్కి కూర్చుని, కిటికీలోంచి చెయ్యి చాపి, "వలిసె పూలు రాలిపోకముందే రా నర్సమ్మా" అంది. వస్తానన్నాను. సంక్రాంతి దాకా ఆగడం ఎందుకు, వచ్చే వారమే సెలవు పెడదామని అప్పుడే అనుకున్నాను, లోపలికి వెళ్ళి కాగితం తీసి, ఈసారి ఆలస్యం చెయ్యకుండా లీవు లెటరు రాశాను.